నాలుగడుగుల దూరం

"నా కాగితం ఏదక్కా?"

పొద్దున లేచిన దగ్గర్నుంచీ తాతాజీ ఆ మాట అడగడం తొమ్మిదోసారి. తొమ్మిదిసార్లూ ఒకటే గొంతు, హెచ్చూ తగ్గూ లేకుండా. అక్క చిన్నమ్మాయి గొంతే అడిగినప్పుడల్లా ఒక మెట్టు పైకి ఎక్కుతోంది.

"నాకు తెలీదని చెప్పానా లేదా? ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? తిననివ్వవు, నిలబడనివ్వవు!"

వెనక వసారాలో తాతాజీ రేకుపెట్టె బోర్లా పడి ఉంది. అందులో సామానంతా నేల మీద వరసగా పేర్చాడు. చొక్కాలు, లుంగీలు, పాత కేలండర్లు, రకానికొకటి చొప్పున ధాన్యం పోసి దాచుకున్న చిన్న సీసాలు. ప్లాస్టిక్ కవరు కూడా ఉంది. దాంట్లో ఉండాల్సిన కాగితమే లేదు.

కవరుండి కాగితం లేకపోవడం అతనికి మింగుడు పడలేదు. ఎలక కొడితే కవరూ కొట్టాలి. గాలికి పోతే కవరుతో సహా పోవాలి. అంటే ఎవరో కవరు విప్పి, కాగితం తీసుకుని, మళ్ళీ కవరు మడిచి పెట్టారు.

తాతాజీకి ముప్పై నాలుగేళ్ళు. మండపేటలో బుజ్జిబాబుగారి రైసుమిల్లులో పదిహేనేళ్ళుగా శాంపిలు చూసే పని. బస్తాలోంచి గుప్పెడు ధాన్యం తీసి, అరచేతిలో నలిపి, తేమెంతో నూకెంతో చెప్పేవాడు. మీటరు పెట్టి చూస్తే ఆ లెక్కే వచ్చేది. పనిలో అతనికి వంక పెట్టినవాళ్ళు లేరు. పని బయటే ఇబ్బందంతా. ఎవరి మొహంలోకీ చూడడు. భుజం మీద చెయ్యేస్తే చురక తగిలినట్టు పక్కకి జరిగిపోతాడు. పెళ్ళి మేళం వినబడితే చెవులు మూసుకుని ఇంట్లో దూరతాడు. ఊళ్ళోవాళ్ళు అతనికి రకరకాల పేర్లు పెట్టారు.

కిందటేడు రాజమండ్రిలో ఒక కుర్ర డాక్టరు మూడు గంటలు కూర్చోబెట్టి మాట్లాడి, ఆ పేర్లన్నీ కొట్టేసి వేరే పేరు రాసిచ్చాడు. ఆటిజం. "ఇది పిచ్చి కాదండి. మీరు పుట్టడమే ఇలా పుట్టారు. మీ తెలివికి ఏ లోటూ లేదు" అన్నాడు. ఆ మాటలన్నీ ఇంగ్లీషులో ఆ కాగితం మీద ఉన్నాయి. రోజుకోసారి తీసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుని, మళ్ళీ కవర్లో పెట్టేవాడు. మిల్లు ప్రమాదంలో తోటి పనివాడు పోతురాజు పోయాక రోజుకి పదిసార్లు చదివాడు. ఈ పన్నెండు రోజుల్లో అతన్ని కాస్త నిలబెట్టినవి ఆ కాగితమూ, గుండెల మీద పెట్టుకునే బియ్యం బస్తా, ఆ రెండే.

గుమ్మం బయట స్కూటరు ఆగింది. సత్యప్రసాద్ టిఫినుకి వచ్చాడు. చిన్నమ్మాయి భర్త, అదే మిల్లులో గుమాస్తా. ఇల్లు కూడా మిల్లువాళ్ళు ఇచ్చినదే.

"ఏంటీ గోల? వీధి చివరికి వినబడతంది."

"కాగితం కోసమండి. శుక్రవారంనించీ ఇదే పాట."

సత్యప్రసాద్ భార్య వైపు చూసి, చూపు తిప్పేసుకుని పీట వాల్చుకున్నాడు.

"కాగితం ఎక్కడికీ పోదులే. ఒరే తాతాజీ, ఇలా రా. రేపు పదింటికి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వస్తన్నాడు. నిన్ను అడిగినా అడగొచ్చు. ఏం చెప్తావు?"

"మొదట్నించి చెప్తాను బావా."

"మొదలూ వద్దు, చివరా వద్దు. ఒకటే ముక్క. నేను చూడలేదండి, అంతే. ఏదీ, అను."

"నేను చూశాను."

"చూశావని నాకూ తెల్సురా. చూడలేదని అనాలి."

"అంటే ఎవరు చూడలేదు?"

సత్యప్రసాద్ చేతిలో ఇడ్లీ ముక్క చట్నీలో పడిపోయింది. "ఇదిగో, నాలుగు రోజుల్నించీ ఇదే వరస! ముక్కు మూసుకుని మూడు మాటలు అనడానికి నీకేం రోగంరా?"

"మీరు అరవకండి. అరిస్తే వాడికి మళ్ళీ వచ్చేస్తది" అంది చిన్నమ్మాయి.

అప్పటికే వచ్చేసింది.

ఆ సంగతి ఎవరు ఎత్తినా తాతాజీకి ఇంతే. గోడలు పోతాయి, ఇల్లు పోతుంది, మిల్లు వచ్చేస్తుంది. జ్ఞాపకం రావడం కాదది. మళ్ళీ అక్కడే నిలబడి ఉండటం. ముక్కులో తవుడు దుమ్ము. చెవుల్లో షాఫ్టు హోరు. పుల్లీ మీంచి జారిపోయిన బెల్టు. "ఆపొద్దు. ఆపితే అరగంట పోద్ది. నడుస్తుండగానే ఎక్కించెయ్యి" అని అరుగు మీంచి బుజ్జిబాబుగారు. స్విచ్చి దగ్గర ఉండే మనిషిని లారీ ఎగుమతికి పంపించింది కూడా ఆయనే. కర్ర పట్టుకుని వంగిన పోతురాజు. అతని భుజం మీది ఎర్ర తువ్వాలు. ఆ తువ్వాలు కొస బెల్టులోకి వెళ్ళడం.

తాతాజీ అరచేతులతో చెవులు నొక్కేసుకున్నాడు. "స్విచ్చి" అన్నాడు, పోతురాజు అన్నట్టే, పోతురాజు గొంతుతోనే. "స్విచ్చి... స్విచ్చి..."

సత్యప్రసాద్ పీట మీంచి లేచి నిలబడ్డాడు.

చిన్నమ్మాయి తమ్ముణ్ణి ముట్టుకోలేదు. ముట్టుకోకూడదని ఆమెకి తెలుసు. వసారాలో చాప పరిచింది. సగం నింపిన బియ్యం బస్తాని ఈడ్చుకొచ్చింది. తాతాజీ వెల్లకిలా పడుకున్నాడు. ఆమె ఆయాసపడుతూ బస్తాని అతని గుండెల మీదికి ఎక్కించింది. ఆ బరువు కింద ఊపిరి మెల్లగా దారిలో పడింది.

వసారాలో ఉక్కపోత. ఫ్యానుంది, తిరగడం లేదు. ఆ రోజు నుంచీ తాతాజీ ఈ ఇంట్లో ఏ స్విచ్చి మీదా చెయ్యి వెయ్యలేదు. చీకటి పడితే చీకట్లోనే కూర్చుంటాడు. తువ్వాళ్ళన్నీ చిన్నమ్మాయి పెట్టెలో పెట్టి తాళం వేసింది. స్నానం చేసి పాత లుంగీతో తుడుచుకుంటున్నాడు. ప్రమాదం జరిగిన రోజున మాత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, మర్నాడు మధ్యాహ్నం దాకా నిద్రపోయాడు. కంట తడి పెట్టలేదు. "అది గుండేనా బండరాయా" అంది పక్కింటావిడ. అతనికి ఏడవాలని తెలియక కాదు. ఏడుపు ఎక్కడో ఉందని తెలుసు. అది పైకి వచ్చే దారే దొరకలేదు.

బస్తా కిందనించి మళ్ళీ అడిగాడు.

"కాగితం ఏదక్కా?"

చిన్నమ్మాయి గోడకి చేరబడి కూర్చుండిపోయింది.

"నేనే తీశానురా."

"ఎప్పుడు?"

"గురువారం."

"శుక్రవారం అడిగాను. తెలీదన్నావు. శనివారం అడిగాను. తెలీదన్నావు. నిన్న..."

"అబద్ధం చెప్పాను! చాలా? అబద్ధం చెప్పాను. మీ బావ ఇవ్వమంటే ఇచ్చాను. బుజ్జిబాబుగారికి కావాలన్నారు."

"ఆయనకి ఎందుకు? ఆయనకి ఆటిజం లేదు."

చిన్నమ్మాయికి నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి. మింగేసుకుంది.

"నీకోసమేరా. నువ్వు అందరి ముందూ నిలబడి ఇదంతా మళ్ళీ చెప్పక్కర్లేకుండా. ఇన్‌స్పెక్టరుకి ఆ కాగితం చూపిస్తే నిన్ను అడగనే అడగరంట. నీకీ బాధ తప్పుద్దని ఇచ్చాను."

"ఆ కాగితం మీద నేను చెప్పలేనని లేదు. తెలివికి లోటు లేదని ఉంది. మూడో లైను."

"మూడో లైను ఎవడు చదువుతాడురా!" గుమ్మంలోంచి సత్యప్రసాద్ గొంతు. "పైన మానసిక వైద్యుడని అచ్చేసి ఉంది కదా, అది చాలు. ఇందులో నీకొచ్చిన నష్టమేముంది? మతి సరిగా లేనోడి మీద కేసుండదు. నీ మీదకేం రాదు."



చిన్నమ్మాయి నెమ్మదిగా లేచింది. "వాడి మీదకి రావడమేంటండి?"

"ఏం లేదు. మాటవరసకి అన్నాను."

"వాడి మీద కేసెందుకుంటది అసలు? మీరు నాతో ఏం చెప్పారు? వాణ్ణి అడక్కుండా ఉండటానికన్నారు. ఏం రాశారు దాంట్లో?"

సత్యప్రసాద్ చొక్కా గుండీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పెట్టుకున్న గుండీనే విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

"నా తల మీద ఒట్టు. ఏం రాశారో చెప్పండి."

"స్విచ్చి దగ్గర వీడున్నాడని రాశాం. జాలిపడి పనిచ్చిన మనిషి, మతి స్థిమితం లేదు, మిషను ఆపమంటే ఆపలేదు, అని. నేనే రాశాను. నా దస్తూరీనే. ఇంకేం అడుగుతావో అడుగు."

"మీ చేత్తో రాశారా?"

"మరి ఎవడి చేత్తో రాస్తారే? గుమాస్తాని నేను! రాయనంటే రేపు సాయంత్రానికి ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలి. లావణ్యని హాస్టల్లోంచి తీసుకొచ్చి ఎక్కడ పెడతావు? నీ తమ్ముణ్ణి పదిహేనేళ్ళు ఆ మిల్లులో ఎవరు నిలబెట్టారు? నేను కాదా? వాడి మీద రాసినా వాడికేం కాదు కాబట్టి రాశాను. బుజ్జిబాబుగారి మీద రాస్తే మనం ముగ్గురం పోతాం. నువ్వే చెప్పు, ఏం రాయను?"

చిన్నమ్మాయి నేల మీద పడున్న ఖాళీ కవరు వైపు చూసింది. అమ్మ పోయేనాటికి తాతాజీకి ఏడేళ్ళు, ఆమెకి పదిహేను. అప్పట్నించీ వీడు ఆమె కొంగు పట్టుకునే పెరిగాడు. అన్నం మెత్తగా ఉండకూడదని, పప్పు అన్నానికి తగలకూడదని, కొత్త చొక్కా పదిసార్లు ఉతికాకే తొడగాలని ఆమెకి తప్ప ఎవరికీ తెలీదు. అయినా ఇప్పుడు ఆమె కళ్ళ ముందు మెదిలింది హాస్టల్లో చదువుకుంటున్న కూతురి మొహం.

అక్క అబద్ధం చెప్పిందన్న సంగతి ఇంకా తాతాజీ గుండెల మీదే ఉంది, బస్తాకన్నా బరువుగా. ఇన్నాళ్ళూ అతనికి ప్రపంచంలో తిరిగి సరిచూసుకోనక్కర్లేని మాట ఒక్క అక్కదే.

బస్తా పక్కకి దొర్లించాడు. లేచాడు. సామానంతా వరసగా పెట్టెలో సర్దాడు. ఖాళీ కవరు జేబులో పెట్టుకున్నాడు.

"ఎక్కడికిరా?"

"పెద్దింట్లమ్మ దగ్గరికి."

పెద్దింట్లమ్మ పోతురాజు పెళ్ళాం.

"ఆపు వాణ్ణి!" అన్నాడు సత్యప్రసాద్. చిన్నమ్మాయి గుమ్మం దాకా వచ్చింది. చెయ్యి చాచింది. ముట్టుకోకూడదన్న అలవాటు కొద్దీ మళ్ళీ వెనక్కి తీసుకుంది. తాతాజీ ఆమె పక్కనుంచే బయటికి వెళ్ళిపోయాడు.

ఎండ మాడ్చేస్తోంది. రెండో పంట దాళ్వా ధాన్యం ట్రాక్టర్లు వరసగా మిల్లు వైపు వెళ్తున్నాయి. మిల్లు మీదుగా వెళ్తే అయిదు నిమిషాల దారి. ఆ హోరు వినబడగానే వెనక్కి తిరిగి కాలవ గట్టు పట్టుకుని, చుట్టూ తిరిగి, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నడిచాడు. నడుస్తున్నంతసేపూ ధాన్యం రకాలు పైకే చెప్పుకున్నాడు. స్వర్ణ, సాంబమసూరి, పది పది, పది ఒకటి. మళ్ళీ స్వర్ణ. ఎదురొచ్చినవాళ్ళు తప్పుకుని పోయారు.

తాటాకు పాక ముందు పెద్దింట్లమ్మ కూర్చుని ఉంది. నిన్ననే పెద్దకర్మ అయింది. నుదురు బోసిగా ఉంది. పక్కన మరిది చిట్టియ్య చుట్ట కాల్చుకుంటున్నాడు. తాతాజీని చూసి చుట్ట నేలకేసి కొట్టాడు.

"ఎందుకొచ్చావు? మొహం చూపించడానికి సిగ్గులేదా?"

"పోతురాజు గురించి చెప్పడానికొచ్చాను."

"ఏటి సెప్పేది? స్విచ్చి కాడ నువ్వే ఉన్నావంట గదా! మొన్న గుమాస్తాగారే సెప్పాడు. అలాగని రాసిన కాయితం మీద మా వదిన ఏలుముద్ర కూడా ఏసింది."

"నాలుగడుగుల దూరంలో ఉన్నాను" అన్నాడు తాతాజీ. "తర్వాత కొలిచాను. నాలుగడుగులు."

చిట్టియ్య లేచాడు. పెద్దింట్లమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది.

"మా ఆయన మిమ్మల్ని పిలిసేడా బాబూ?"

తాతాజీ కళ్ళు ఆమె పాదాల ముందున్న ఇసక మీదే ఉన్నాయి. పిలవలేదని అంటే ఇక్కణ్ణించి వెళ్ళిపోవచ్చు. ఆ మాట అతని తలలోకి రాలేదు.

"పిలిచాడు."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు. స్విచ్చి అన్నాడు. మూడోసారి సగమే వినబడింది."

పెద్దింట్లమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. చిట్టియ్య వచ్చి తాతాజీ కాలరు పట్టుకున్నాడు. ఆ చెయ్యి తగలగానే తాతాజీ ఒళ్ళంతా కొయ్యబారిపోయింది. అయినా విడిపించుకోలేదు. అక్కడే నిలబడి, ఆగి ఆగి మాట్లాడాడు.

"నా చేతులు చెవుల మీద ఉన్నాయి. తియ్యమన్నాను. రాలేదు. కాళ్ళు కదలమన్నాను. కదల్లేదు. రోజూ మిషను వేసేముందు పోతురాజు చెయ్యెత్తి నాకు చూపించేవాడు, చెవులు మూసుకోమని. ఇంకెవరూ అలా చూపించలేదు. ఆ రోజు నేనే... నాలుగడుగులు వెయ్యలేదు. ఇంట్లో స్విచ్చి వెయ్యలేకపోతున్నాను. తువ్వాలు చూడలేకపోతున్నాను. ఇదంతా రేపు ఇన్‌స్పెక్టరుకి చెప్తాను. కానీ ఇది చివర. దీనికి ముందు ఉంది. అది ఎవరూ చెప్పనివ్వట్లేదు."

"ముందేటి?" అంది పెద్దింట్లమ్మ.

"బెల్టు జారింది. పోతురాజు, ఆపి ఎక్కిస్తానండి అన్నాడు. ఆపొద్దు, నడుస్తుండగానే ఎక్కించమన్నారు బుజ్జిబాబుగారు. స్విచ్చి మనిషిని ఎనిమిదీ పదికి లారీ దగ్గరికి పంపేశారు. స్విచ్చి నా పని కాదు, నేను శాంపిలు చూస్తున్నాను."

చిట్టియ్య చెయ్యి కాలరు మీద వదులైంది.

అప్పుడే సందు మలుపులో స్కూటరు వచ్చింది. వెనక చిన్నమ్మాయి ఉంది. బండి సరిగా ఆగకముందే దిగింది. చెప్పులు కూడా లేవు కాళ్ళకి.

"ఏం వాగాడమ్మా వీడు?" అంటూ సత్యప్రసాద్ ముందుకొచ్చాడు. "మీరేం పట్టించుకోకండి. మతి సరిగా లేదు. రాజమండ్రి డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంది. చెప్పవే చిన్నమ్మాయీ, నువ్వే కదా తీసుకెళ్ళావు!"

చిన్నమ్మాయి తమ్ముడి వైపు చూడలేదు. తాతాజీకి ఆమె పాదాలు మాత్రమే కనబడుతున్నాయి. కాలిన ఇసక మీద నిలవలేక ఒక పాదం మీద ఇంకో పాదం పెడుతోంది.

"డాక్టరు... రాసిన మాట నిజమేనండి" అంది చిన్నగా. "వాడి మాట... నమ్మకండి."

తాతాజీ విన్నాడు. ఈసారి అబద్ధం ఏ రోజుదో అడగనక్కర్లేదు.

పెద్దింట్లమ్మ గోడ పట్టుకుని లేచింది. రెండడుగులు ముందుకొచ్చి, చిన్నమ్మాయికి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, ఈ బాబుని తల్లిలాగ నువ్వే పెంచేవంట. మా ఆయన సెప్పేవోడు. గుమాస్తాగారి మాట వద్దు, డాకటరు మాటా వద్దు. పసుపు కుంకాలు పోయినదాన్ని అడుగుతన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఈయన ఒక్క అబద్ధం ఆడేడా? నువ్వు ఆడేడంటే ఏలుముద్ర అలాగే ఉంచుతాను. ఆడలేదంటే ఇప్పుడే మిల్లుకెల్లి ఆ ఏలుముద్ర కాయితం సింపేస్తాను. నీ మాటే నమ్ముతాను, సెప్పు."

"చెప్పు, ఎండలో ఎంతసేపు?" అన్నాడు సత్యప్రసాద్.

చిన్నమ్మాయి మొగుడికి వీపు తిప్పి, తమ్ముడి వైపు చూస్తూ నోరు తెరిచింది.